చివరి కాగితం మీద నాలుగో ముక్క

కిందటి వారం ఎక్కడ ఆగామో గుర్తుందా? మా ప్రెస్సు ముందు గదిలో ఆగాం. బల్లకి ఇటు మేము, అటు కార్బన్ గారు, మధ్యలో ప్రింటర్ల సంఘం ప్రెసిడెంటు గారు. కార్బన్ గారు లాయరుని వెంటేసుకుని వస్తాడని మేం అనుకుంటే, ఎవరో పెద్దావిడని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడెవరో తెలియక వారమంతా మీరు బుర్ర బద్దలు కొట్టుకుని ఉంటారు. ఆవేళ ఆ కాసేపూ నా పరిస్థితి కూడా అదే.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి కొంచెం చెప్పాలి. రోజుకో కాగితం చింపుతారే, ఆ క్యాలెండర్లు వేసే ప్రెస్సు మాది. మామగారు పెట్టారు. మిషను మా ఆయన చూసుకుంటాడు. కాగితం మీద ఏం ఉండాలో నేను చూసుకుంటాను. ప్రతి కాగితం మీదా పెద్ద అంకె, దాని కింద ‘చరిత్రలో ఈ రోజు’ అని నాలుగు ముక్కలు. జనం మా క్యాలెండరు కొనేదే ఆ ముక్కల కోసం. పొద్దున్నే కాగితం చింపి, టీ తాగుతూ చదివి, ఇంట్లోవాళ్ళకి వినిపించి, చివరికి దాంట్లో పళ్ళ తొక్కలు చుట్టి పారేస్తారు.

ఈ ఏడు కార్బన్ గారు ఆ ముక్కలన్నీ మక్కీకి మక్కీ దించేసుకుని తన పేరుతో క్యాలెండరు వేసుకున్నాడు. ఆయనకి వేరే పేరు లేకపోలేదు, ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎవరి సరుకు కంటపడినా నకలు తీస్తాడని ఊరు పెట్టిన పేరది. ఇదేంటని అడిగితే, చరిత్ర ఎవరబ్బ సొత్తూ కాదు, మేమూ పుస్తకాలు చూసే రాసుకున్నాం అని బుకాయించాడు. మేం సంఘంలో ఫిర్యాదు ఇచ్చాం. ప్రెసిడెంటు గారు రెండు పక్షాలనీ కూర్చోబెట్టింది ఆవేళే, డిసెంబరు ముప్పై ఒకటిన. ఆయన మాట మా లైనులో కోర్టు మాటతో సమానం. కాపీ అని తేలితే కార్బన్ గారు క్యాలెండరు మానుకోవాలి. తేలకపోతే వచ్చే ఏటికి మా ప్రెస్సుకి తాళమే.

నాకు భయం లేదు. మా దగ్గర ఎర ఉంది.

డిసెంబరు ముప్పై ఒకటి కాగితమంత దిక్కులేని కాగితం ఇంకోటి ఉండదు. అప్పటికే గోడ మీద కొత్త క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. పాతదాన్ని మేకు మీంచి పీకి ఏ మూలో పడేసి ఉంటారు. ఆ చివరి కాగితాన్ని చింపే నాథుడు కూడా ఉండడు. ఎవరూ చదవరు కాబట్టే దాని మీద ముక్కలు ఏరడం నాకు సరదా. మొదటి ముక్క, నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ రోజున ఒక రాణి కొందరు వర్తకులకి ఓడ వ్యాపారం చేసుకోమని పత్రం రాసిచ్చింది, వాళ్ళు పోయి దేశాలకి దేశాలే మింగేశారు. రెండోది, ఆ రోజునే ఒకాయన తన పనిశాల చుట్టూ కరెంటు దీపాలు వెలిగించి జనాన్ని పిలిచి చూపించాడు. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. ఒక దీవుల దేశం తారీఖుల లెక్క సరిచేసుకుందామని ఒక ఏడాది ముప్పై ఒకటినే ఎగరగొట్టేసింది. ముప్పైన పడుకున్నవాళ్ళు జనవరి ఒకటిన లేచారు. ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్ళు ఏం చేసుకున్నారో పాపం.

ఇక నాలుగోది. ‘ఈ రోజున నూలు మిల్లు పడవ నది మధ్యలో మునిగి ఐదుగురు మరణించారు.’ అంతే. ఏ నదో ఉండదు, ఏ సంవత్సరమో ఉండదు. ఎందుకంటే అసలు అలాంటిది జరగలేదు. మామగారు కల్పించి పెట్టిన అబద్ధం అది. మా క్యాలెండరు ఎవడైనా దించితే నిజాలతో పాటు ఆ అబద్ధం కూడా దిగుతుంది. లేని సంగతి నీకెలా తెలిసిందయ్యా అని అడిగితే నోట మాట రాదు. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ ఆ ఎర అక్కడే ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పి తీరాలి. మిగతా ముక్కలన్నీ ఏటేటా మార్చుకోనిచ్చేవారు మామగారు. దాన్ని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఒకసారి నేను, ఐదుగురేంటి చప్పగా, అని దాన్ని పదిహేనుమంది చేసి మిషనుకి పంపాను. అచ్చయిన కాగితం చూసి మామగారు మిషను ఆపించారు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి. ఆవేళ నా మొహం చూడకుండా, “ఐదుగురే అమ్మాయ్. ఐదుగురే,” అన్నారు. అచ్చు పడిన కాగితాలన్నీ చెత్తలోకి పోయాయి. పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

సరే, గదిలోకి వద్దాం.

మా ఆయన పక్కన మిషను గదిలో ఉన్నాడు. కార్బన్ గారి మొహం చూస్తే చెయ్యి చేసుకుంటాడని నేనే అటు తోశాను. పైగా మర్నాడు ఆయన పుట్టినరోజు. జనవరి ఒకటిన పుట్టాడని ప్రెస్సులో అందరూ ఆయన్ని ‘ఒకటో తారీఖు’ అంటారు. పుట్టినరోజుకి ముందురోజు గొడవెందుకు అన్నాను. కేకు కూడా చెప్పి వచ్చాను.

“పెద్దాయనా,” అన్నారు ప్రెసిడెంటు గారు మామగారితో. “రెండు క్యాలెండర్లూ నా ముందే ఉన్నాయి. ఆ పడవ ముక్క రెండింట్లోనూ ఉంది. అది మీ కల్పనే అని ఒక్క మాట చెప్పండి చాలు. ఈ పంచాయితీ ఇక్కడితో ముగించేద్దాం.”

మామగారు వేళ్ళకి అంటుకుని ఎండిపోయిన జిగురు గిల్లుకుంటూ కూర్చున్నారు. వినపడలేదేమో అనుకున్నాను.

“చెప్పండి మామయ్యా,” అన్నాను.

ఆయన నా వంక చూశారు. మళ్ళీ జిగురు గిల్లుకోవడంలో పడ్డారు.

కార్బన్ గారు వెనక్కి వాలి నవ్వాడు. “ఆయన చెప్పలేడమ్మా. కల్పించి ఉంటే కదా చెప్పడానికి. అది జరిగింది. ఆ పడవలో ఉన్న మనిషినే తీసుకొచ్చాను. చెప్పు పెద్దమ్మా, భయపడకు.”

అప్పుడు ఆవిణ్ణి సరిగ్గా చూశాను.

ఆవిడకి అరవై దాటి ఉంటాయి. కుడిచేతి వేలి కొస సూదిపోట్లతో గరుకు తేలి ఉంది. ఒళ్ళో గుడ్డసంచీ, అందులోంచి కార్బన్ గారి క్యాలెండరు తొంగిచూస్తోంది.

“నేను బట్టలు కుడతానండీ,” అంది ఆవిడ. ఎవరితో మాట్లాడాలో తెలియక ప్రెసిడెంటు గారి వైపు తిరిగింది. “కొత్త క్యాలెండర్లు దుకాణంలోకి రాగానే వెళ్తాను. అందరూ మొదటి కాగితం చూస్తారు, నేను చివరిది తిప్పి చూస్తాను. ఆ రోజు కింద మా పడవ గురించి ఎవరైనా రాశారేమో అని. ఎన్ని రకాలవి చూశానో. రాణులుంటారు, రాజులుంటారు, దీపాలు కనిపెట్టినోళ్ళుంటారు. మా పడవ ఎప్పుడూ లేదు. ఈ ఏడు ఉంది. దుకాణంలోనే కూలబడిపోయాను.”

“మా క్యాలెండర్లో ఏటా ఉందిగా?” నోరు జారాను.

“మీది మా వైపు రాదమ్మా. ఈ బాబుగారిది వస్తుంది. అడ్రసు చూసుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను. ఇది ఎక్కడిది బాబూ అని అడిగితే, నాకేం తెలుసు, ఫలానా వాళ్ళది చూసి రాశాను అన్నాడు.”

ప్రెసిడెంటు గారు కార్బన్ గారి వంక చూశారు. ఇంకో రోజైతే అక్కడే లేచి గంతులేసేదాన్ని. దొంగ తన నోటితోనే ఒప్పుకున్నట్టు కదా. కార్బన్ గారు దగ్గి, “చూస్తే ఏమైందండీ? నిజంగా జరిగిన సంగతి ఎవరైనా చూసుకోవచ్చు, ఎవరైనా వేసుకోవచ్చు. అబద్ధం ఎత్తితేనే గదా దొంగతనం,” అన్నాడు.

అదీ వాడి ఎత్తు. ఆ ముక్క అబద్ధమైతే మేం గెలుస్తాం. నిజమైతే మా ఎర ఎర కాదు, మా ఫిర్యాదు ఫిర్యాదు కాదు. ఒక దుర్ఘటన అబద్ధం కావాలని నేను అంతలా కోరుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

కోపం నషాళానికి అంటింది. “బాగానే నేర్పి తీసుకొచ్చారు,” అన్నాను కార్బన్ గారితో. ఆవిడ వైపు తిరిగాను. “అమ్మా, మీరు పెద్దవారు, మిమ్మల్ని ఏమీ అనను. కాగితం మీద ఉన్నది ఎవరైనా చదివి చెప్పగలరు. లేనిది ఒక్కటి చెప్పండి చూద్దాం.”

ఆవిడ నా మీద కోప్పడలేదు. అదే నన్ను మొదట భయపెట్టింది.

“మిల్లు నదికి అవతల ఉండేదమ్మా,” అంది. “మా ఆయనా నేనూ అందులోనే పని. ఆవేళ మధ్యాహ్నం షిఫ్టుకి బయల్దేరాం. మా ఆయన పడవ ముందు వైపు కూర్చున్నాడు. బాబు నా ఒళ్ళో. రెండేళ్ళవాడు, మాటలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పడవలో కాళ్ళు పెట్టుకోను చోటు లేదు. నిండా కట్టలు. మిల్లు వాళ్ళు కొత్త ఏడాదికి పనివాళ్ళకి పంచుదామని వేయించిన క్యాలెండర్లు. వాటి మీద కూర్చోవద్దు, అట్టలు నలుగుతాయి అని ప్రెస్సు నుంచి వచ్చిన మనిషి అందరి మీదా విసుక్కుంటున్నాడు.”

నేను మామగారి వంక చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

“పడవవాడు చెప్పాడు,” ఆవిడ అదే గొంతుతో చెప్పుకుపోతోంది. “బరువెక్కువైంది, సగం కట్టలు మళ్ళీ వచ్చి తీసుకెళ్దాం అన్నాడు. ఆ మనిషి వినలేదు.”

“మరి పేపర్లలో ఎక్కడా రాలేదేం?” అని ప్రెసిడెంటు గారు అడిగారు.

“రానిస్తారా బాబూ? పడవ మిల్లుది. నోరెత్తితే పని పోతుందన్నారు. మిగిలినవాళ్ళం నోరు కుట్టేసుకున్నాం.”

పక్కగదిలో మిషను ఆడుతూనే ఉంది. ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, రెండు క్యాలెండర్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి పక్కకి జరిపారు. ఆ జరపడంలోనే నాకు తీర్పు తెలిసిపోయింది.

“పెద్దాయనా, ఇది కల్పన అని నేను రాయలేను,” అన్నారు.

కార్బన్ గారు లేచి చొక్కా సర్దుకున్నాడు. “నేను ముందే చెప్పాను గదండీ. పద పెద్దమ్మా, బస్సెక్కించి వస్తాను.”

ఆవిడ లేవలేదు.

“మీ ఇద్దర్లో ఎవరు గెలిచినా నాకు పనిలేదు బాబూ,” అంది. “నేను దానికి రాలేదు. నాకు ఒక్క మాట కావాలి. అది అడిగి పోతాను.”

సంచీలోంచి క్యాలెండరు తీసి, చివరి కాగితం తిప్పి, బల్ల మీద పెట్టి, సూదిపోట్ల వేలు ఒకచోట ఆనించింది.

“ఐదుగురని రాశారు. ఇది ఎవరు రాశారు?”

ప్రెసిడెంటు గారు ముందుకి వంగి ఆ ముక్క మళ్ళీ చదివారు.

“ఆరుగురమ్మా. మిల్లు వాళ్ళు ఆరుగురన్నారు, ఊరంతా ఆరుగురే అనుకుంది, నేనూ ఇన్నేళ్ళూ ఆరుగురనే ఏడ్చాను. ఐదుగురి శవాలు దొరికాయి, అందులో మా ఆయనది ఒకటి. మా బాబు దొరకలేదు. నది ఎటో పట్టుకుపోయింది, చిన్న ఒళ్ళు, ఇంక దొరకదు అన్నారు. ఈ కాగితం మీద మటుకు ఐదుగురనే ఉంది. ఊళ్ళో విని రాసినవాడైతే ఆరని రాయాలి, లేకపోతే నోటికొచ్చింది రాయాలి. ఐదని ఎలా రాశాడు? ఆరో ప్రాణం పోలేదని అతనికి ఎవరు చెప్పారు?”

ఐదుగురే అమ్మాయ్. ఐదుగురే.

ఆ మాట నా చెవిలో మళ్ళీ వినిపించింది. ఆవేళ మిషను ఎందుకు ఆగిందో, ఏటా ఆ ముక్క ఎందుకు కదల్లేదో, నాకు అర్థం కావడం మొదలైంది. అర్థం కావద్దని మనసులో ఎంత మొత్తుకున్నా ఆగలేదు. చివరికి కార్బన్ గారు కూడా నిలబడినవాడు నిలబడినట్టే మళ్ళీ కుర్చీలోకి జారిపోయాడు.

“మామయ్యా,” అన్నాను. “కల్పించానని చెప్పండి. కేసు కోసం కాదు. నోటికొచ్చిన అంకె వేశానని చెప్పండి.”

మామగారు కళ్ళు తెరిచారు. నన్ను కాదు, ఆవిణ్ణి చూశారు.

“ఆ ప్రెస్సు మనిషిని నేనే,” అన్నారు.

ఆవిడ వేలు కాగితం మీదే ఉండిపోయింది.

“ముప్పై ఒకటి దాటితే క్యాలెండరు చిత్తుకాగితం, ఇవాళ చేరకపోతే మిల్లు వాళ్ళు తీసుకోరు అని పంతం పట్టాను. పడవవాడు చెప్పింది నిజమే. నేనే వినలేదు. నీళ్ళు లోపలికి రాగానే కట్టలు తడిసి రాళ్ళయిపోయాయి. అంతా ఒక్కసారి ఒరిగింది. నాకు ఈత వచ్చు. చేతికి ఏదో తగిలింది, పట్టుకున్నాను. చాలా కిందకి కొట్టుకుపోయి ఒడ్డెక్కాక చూస్తే పసివాడు. ఏడుస్తున్నాడు.”

“ఏడుస్తున్నాడా,” అంది ఆవిడ. గొంతులో ప్రశ్న కూడా లేదు.

“ఎవరూ మిగల్లేదని చెప్పారు నాకు. మాకు పిల్లల్లేరు. తెల్లారి, ఒకటో తారీఖున, మా ఆవిడ ఒళ్ళో పెట్టాను. కొన్ని నెలలు పోయాక, తల్లి బతికే ఉందని, మిల్లు గేటు దగ్గర కూర్చుని ఏడుస్తోందని తెలిసింది. అప్పటికి వాడు మా ఆవిణ్ణి అమ్మా అంటున్నాడు.” మామగారు ఆగారు. “వెంటనే తెచ్చి ఇవ్వాల్సింది. తేలేదు. ఊరు వదిలేసి వచ్చేశాను.”

“దొంగల్ని పట్టడానికి అని చెప్పారు మాకు,” అన్నాను నేను.

“ఏదో ఒకటి చెప్పాలిగా అమ్మాయ్. ఎవరైనా చూసి వచ్చి అడగాలని రాశాను. రాకూడదని చివరి కాగితం మీద రాశాను.”

నాకు ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది. పల్లెత్తు మాట అనకుండా నన్ను కూతురిలా చూసుకున్న మనిషి మీద అసహ్యం వేసిందని చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా వేసింది. ఆ వెంటనే జాలి కూడా వేసింది. కార్బన్ గారు నా వంక చూసి, “అమ్మా, నేను దీనికోసం తీసుకురాలేదు. ఒట్టు, నాకు తెలియదు,” అన్నాడు. ఆయన నోట సొంతంగా వచ్చిన మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. కాగితం మీంచి వేలు తీసి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

“వాడు ఉన్నాడా?” అని అడిగింది.

మామగారు తల తిప్పి మిషను గది తలుపు వైపు చూశారు. ఆవిడా అటే చూసింది. ప్రెసిడెంటు గారూ చూశారు.

నేను లేచాను. ఎందుకు లేచానో తెలుసు. ఆ తలుపు మూసేద్దామనే లేచాను. ఆయనకి నేను చెప్పాలి, మెల్లగా, ఇంటికి వెళ్ళాక, కూర్చోబెట్టి. ఈ జనం ముందు కాదు. తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడే లోపల మిషను ఆగిపోయింది.

తలుపు నా చేతిలోంచే తెరుచుకుంది. మా ఆయన సిరా చేతులు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నా మొహం చూశాడు, వాళ్ళ నాన్న మొహం చూశాడు, కుర్చీలో ఉన్న పెద్దావిణ్ణి చూసి ఎవరో చుట్టాలనుకుని తలవంచి నమస్కారం పెట్టాడు.

“ఏంటి నాన్నా, అందరూ నన్నే చూస్తున్నారు?” అని నవ్వాడు. “నా పుట్టినరోజు రేపు గదా.”

“రేపు కాదు బాబూ,” అంది ఆవిడ. “నువ్వు పుట్టింది ఎండాకాలంలో.”